ఐసు సొరుగు

సెప్టెంబరు 21, 1974

ఆయనకి ఆఫీసులో ఇచ్చిన డైరీ తొమ్మిది నెలలుగా బియ్యం డబ్బాకి మూతలా పడి ఉంది. ఇవాళ దుమ్ము దులిపి తీశాను. ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే బుర్ర పగిలేలా ఉంది. కాకినాడలో అయితే గోడ మీంచి తొంగి చూస్తే నలుగురు దొరికేవారు. హైదరాబాదు శివార్లలోని ఈ రాయదుర్గంలో గోడ మీంచి చూస్తే రాళ్లు, రాళ్ల వెనక ఇంకొన్ని రాళ్లు.

ఫ్రిజ్ మళ్లీ ఆగింది. మధ్యాహ్నం తలుపు తీస్తే లోపల గోరువెచ్చగా ఉంది. అడుగున నీళ్ల మడుగు. పాలు విరిగిపోయాయి. పాలు పోతే పోయాయి, పై అరలో మా అమ్మాయి త్రిపురకి వేసే ఇన్సులిన్ ఉంది. నా భయమంతా దాని గురించే.

ఈ ఇల్లు కట్టినాయన ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న ఫ్రిజ్ అది. వంటింటి గట్టు కింద గూడు కట్టించి అందులోకి దోపేశాడు. పైన రెండు అరలు, అడుగున ఐసు సొరుగు. దాన్ని చూసే నేను ఈ ఇల్లే కావాలని పట్టుబట్టాను. సబ్‌స్టేషన్ క్వార్టర్లు ఉచితంగా ఇస్తామంటే వద్దనిపించాను. పిల్లదాని మందుకి చల్లటి చోటు కావాలి కదా అన్నాను. ఇప్పుడు అనుభవిస్తున్నాను.

సాయంత్రం పిల్లదాని చక్కెర పరీక్షలో ఆకుపచ్చ వచ్చింది. అమ్మయ్య.

సెప్టెంబరు 22

ఆయన ఆదివారమంతా ఫ్రిజ్ ముందు చాప వేసుకుని కూర్చున్నారు. "నేను ఊరంతటికీ కరెంటు పంపేవాణ్ణి, ఈ డబ్బా నాకో లెక్కా" అన్నారు. లోపల చల్లదనం పెంచే గుండ్రటి మీటని చివరికంటా తిప్పారు. అది టిక్కుమని, ఒక నిమిషం మూలిగి, ఆగింది. మళ్లీ టిక్కుమంది.

"వోల్టేజీ తక్కువగా ఉంది" అన్నారు.

"పంపేది మీరే కదండీ" అన్నాను.

సెప్టెంబరు 25

పొద్దున నీలం, సాయంత్రం ఆకుపచ్చ.

రెండేళ్లుగా నా జాతకం ఆ గాజుగొట్టమే చెబుతోంది. నీలం మందులో త్రిపుర మూత్రం చుక్కలు కలిపి స్పిరిట్ దీపం మీద మరిగిస్తాను. నీలంగానే ఉండిపోతే ఆ పూట నాకు అన్నం సయిస్తుంది. ఆకుపచ్చైతే సరిపెట్టుకుంటాను. చక్కెర పెరిగేకొద్దీ పసుపు, నారింజ, చివరికి ఇటుక రంగు. ఇటుక రంగు మొదటిసారి చూసినప్పుడు దానికి ఏడేళ్లు. ఆ రంగు చీర నాకొకటి ఉండేది, ఎవరికో ఇచ్చేశాను.

సెప్టెంబరు 29

అత్తయ్యగారు వచ్చారు. మహాలయ పక్షాలు ఇక్కడే. మావగారి తిథి ఈసారి పెద్దకొడుకు ఇంట్లో జరగాలని ఆవిడ కోరిక. వస్తూ నాకు ఆవకాయ, త్రిపురకి తీపికి బదులు జంతికలు తెచ్చారు. మనవరాలికి ఏది కుదురుతుందో, ఏది కుదరదో కనుక్కుని మరీ చేసి తెచ్చారు. ఆవిడంటే నాకు భయం, ఇష్టం రెండూ ఉన్నాయి.

సెప్టెంబరు 30

ఈయన నోరు కుట్టేయాలి. పొద్దున సూది వేస్తుంటే అత్తయ్యగారు, "ఆ మందు దేనితో చేస్తారురా అబ్బాయ్" అని అడిగారు. ఏదో చేస్తారమ్మా అంటే పోయేది. "గొడ్ల క్లోమంలోంచి తీస్తారమ్మా, సైన్సు ఎంత ఎదిగిందో చూడు" అన్నారు.

ఆవిడ వెళ్లి మళ్లీ స్నానం చేశారు. నేను వంటింట్లోకి వెళ్లేసరికి మడి చీరతో ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. పై అరలో ఆవిడ తోడుపెట్టిన పెరుగు, పక్కనే ఇన్సులిన్ సీసాలు.

"అమ్మాయ్, మందుకి నేను అడ్డం చెప్పను. అది పిల్ల ప్రాణం. కానీ ఈ పెరుగు మీ మావగారికి వడ్డించేది. దాని పక్కన వద్దు. కింద సొరుగు ఖాళీగానే ఉంది కదా, మందుకి ఓ గది ఇచ్చినట్టు ఉంటుంది."

నిజం చెప్పాలంటే నాకూ ఆ పెరుగు పక్కన దాన్ని చూస్తే ఎప్పుడూ ఏదోలా ఉండేది. ఆవిడ నోరు తెరిచి అన్నారు, అంతే తేడా. పైగా పై అర మధ్యాహ్నాలు వెచ్చబడుతోంది, సొరుగు కాస్త నయం. డాక్టరు గారు చల్లగా ఉంచమన్నారు. మరీ చల్లగా ఉంటే మరీ మంచిది. సీసాలు రెండూ సొరుగులోకి మార్చాను. ఇద్దరికీ ప్రాణం కుదుటపడింది.

అక్టోబరు 3

పసుపు.

అక్టోబరు 4

పసుపు. సాయంత్రం నారింజ.

ఈ దిక్కుమాలిన ఫ్రిజ్. దాన్ని రాళ్లలోకి తీసుకెళ్లి దొర్లించాలని ఉంది. సొరుగులో మంచు పడుతోంది, మళ్లీ కరిగి కారుతోంది. మందు పాడైపోతోందేమో. ఎవరినైనా పిలిపించండి అని ఆయనతో గట్టిగానే అన్నాను. ఈసారి వోల్టేజీ ఊసెత్తలేదు.

అక్టోబరు 6

మణికొండ నుంచి లింగమూర్తి అని మెకానిక్ వచ్చాడు. నగరంలో కూల్‌డ్రింకు దుకాణాల ఐసుపెట్టెలు బాగుచేస్తాడట. గూట్లోంచి ఫ్రిజ్‌ని బయటికి లాగడానికే ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. వెనక్కి తిప్పి చూసి అతను తల పట్టుకున్నాడు.

"ఏందమ్మా, దీన్ని గిట్ల సమాధి జేసిండ్రు. దీనికి గాలాడాలె. లోపలి వేడి ఎనకనించి ఎల్లిపోవాలె గద. ఈడ సందే లేదు. వేడి గోడకు తాకి మళ్ల దీని నెత్తికే వస్తున్నది."

వెనక జాలీకి ఎన్నేళ్లదో దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. బ్రష్షుతో దులిపాడు. గూటికి అడుగున, పైన రాయి కొట్టించి గాలి కన్నాలు పెట్టించాడు. ఫ్రిజ్ ఒకపక్కకి ఒరిగి ఉండటంతో తలుపు వెంట్రుకవాసి తెరిచే ఉంటోందట. కాళ్ల కింద చెక్కలు దోపి సరిచేశాడు. తలుపు రబ్బరు బిరుసెక్కితే వేణ్నీళ్ల గుడ్డతో కాచి మెత్తబరిచాడు. క్యాలెండరు కాగితం తలుపులో పెట్టి మూసి, లాగి చూడమన్నాడు. రాలేదు.

"ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఆయన మీట చివరికంటా తిప్పి ఉండటం చూసి నడుమకి తెచ్చాడు. "గంత అవసరం లేదు సార్. కింది సొరుగుల ఏం పెడతరమ్మా?"

"ఐసు" అన్నాను.

ఆడపిల్ల జబ్బు దారిన పోయేవాళ్లందరికీ చెప్పుకుంటామా. రేపు దానికి పెళ్లి చేయాలి.

అతను సైకిలెక్కగానే ఆయన మీటని మళ్లీ చివరికంటా తిప్పారు. నేనూ చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోవడమేమిటి, తిప్పమన్నదే నేను.

అక్టోబరు 7

ఫ్రిజ్ బ్రహ్మాండంగా ఉంది. పెరుగు మీద మీగడ కత్తితో కోసేలా ఉంది. సొరుగులో సీసాలు రాళ్లలా గడ్డకట్టాయి. పొద్దున్నే లేవగానే ఒకటి కొంగులో చుట్టి బొడ్లో దోపుకుంటున్నాను, స్నానాలయ్యేసరికి కరుగుతుంది. ఇంత చల్లగా ఉంటే ఇంకేం చెడుతుంది. ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాను.

అక్టోబరు 8

నారింజ.

అక్టోబరు 9

పొద్దున ఇటుక రంగు. గొట్టం సరిగ్గా కడగలేదేమోనని ఇంకోసారి చేశాను. ఇటుక రంగే.

ఫ్రిజ్ బాగుంది. మందు బాగుంది. సూది రెండేళ్లుగా వేస్తున్న చెయ్యే వేస్తోంది. మరి ఎక్కడ తేడా వచ్చింది?

అరచేతుల మధ్య దొర్లిస్తే మందు పాలలా కలిసిపోయేది. ఇప్పుడు గాజుకి సన్నటి నలకలు అంటుకుంటున్నాయి. కొత్త సరుకు ఇలాగే వస్తోంది కాబోలు. ఈ రోజుల్లో ఏది నిఖార్సుగా ఉంది గనక.

అక్టోబరు 10

సీతాఫలాలు.

పాలు పోసే చంద్రమ్మ నాలుగు రోజులుగా సీతాఫలాల గంప తెచ్చి మన అరుగు మీదే దింపుకుని, పాలు కొలిచి, ఆ తర్వాత టోలిచౌకి వెళ్లి అమ్ముకుంటోంది. త్రిపుర ఎప్పుడూ ఆ గంప పక్కనే. సాయంత్రాలు చంద్రమ్మ వెనకే రాళ్లలోకి వెళ్తోంది, బతుకమ్మకి తంగేడు పువ్వు ఎక్కడుందో చూసుకోవడానికట. నేను ఎంత పిచ్చిదాన్ని. కారణాన్ని ఎదురుగా పెట్టుకుని ఫ్రిజ్‌ని తిట్టిపోశాను.

అక్టోబరు 11

రాయాలి. రాయాలనే కూర్చున్నాను.

పరీక్షలో మళ్లీ ఇటుక రంగు. దాన్ని పిలిచి గొట్టం చూపించాను. "సీతాఫలం తిన్నావా?" "తినలేదమ్మా." ఒకటి వేశాను. "నిజం చెప్పు." "తినలేదు." ఇంకొకటి వేశాను. అత్తయ్యగారు లోపలినుంచి "రాజ్యం" అని పిలిచారు, వినిపించుకోలేదు. మూడోసారి చెయ్యెత్తాను.

"తిన్నాను" అంది.

"ఎన్ని?"

"రెండు."

"ఎక్కడ?"

"చంద్రమ్మ వాళ్ల బండ దగ్గర."

చెయ్యి దించేశాను. కూర్చోబెట్టి మెల్లగా చెప్పాను, ఆ పండు నీకు విషంతో సమానమే అని. అది తల ఊపింది. నిజం చెప్పినందుకు దగ్గరికి తీసుకున్నాను. బిగుసుకుపోయి నిలబడింది.

కారణం దొరికింది. నాకెంత హాయిగా ఉందో ఇక్కడ కాకపోతే ఎక్కడ రాసుకోను. ఫ్రిజ్ కాదు, మందు కాదు, జబ్బు ముదరడం కాదు. పండు. పండు మానిపిస్తే సరిపోతుంది.

అక్టోబరు 12

చంద్రమ్మని ఇక పాలు వద్దన్నాను. కారణం అడిగితే పిల్ల నీ సీతాఫలాలు తిందని చెప్పాను. జబ్బు సంగతి చెప్పలేదు, పిల్లకి పడదన్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది.

"తప్పమ్మా గా మాట. బిడ్డ ఒక్క పండు సుత ముట్టలే. ఇగో, నా గంపల సూడు. అన్నీ కాయలే, ఇంక మాగనే లేదు. నేను అమ్మినంక కొన్నోళ్లే గడ్డిల పెట్టి మాగేస్తరు. పచ్చికాయ ఎట్ల తింటది పిల్ల? నోట్ల పండ్లు ఇరుగుతయి."

"అదే ఒప్పుకుంది" అన్నాను.

"ఎందుకొప్పుకున్నదో గది నీకే తెల్వాలె" అని గంప ఎత్తుకుంది.

ఎంత పొగరు. అది గంప ఎత్తకముందే కాయలు నొక్కి చూశాను, గట్టిగానే ఉన్నాయి. చెట్టు మీద ఒకటో రెండో ముందే పండి ఉంటాయి. ఉండవా ఏం.

అక్టోబరు 13

ఇటుక రంగు. చక్కెర డబ్బా, బెల్లం డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి మంగళసూత్రానికి కట్టుకున్నాను.

పాత సీసా అయిపోయింది. కొత్తది తెరిచాను. అదీ సొరుగులోదే.

అక్టోబరు 14

మావగారి తిథి. భోక్తలు పెరుగు అమృతంలా ఉందన్నారు. అత్తయ్యగారు సంతోషించారు. గారెలూ పరమాన్నమూ భోక్తల విస్తళ్లలో తప్ప పిల్లకి కనబడకుండా జాగ్రత్తపడ్డాను. అది పెరట్లో బిందె దగ్గర కూర్చుని నీళ్లు తాగుతూనే ఉంది.

ఇటుక రంగు.

అక్టోబరు 15

రాత్రి పక్క తడిపింది. తొమ్మిదేళ్ల పిల్ల. సిగ్గుతో దుప్పటి తనే తీసుకెళ్లి నీళ్లలో జాడించింది.

ఇవాళ్టి నుంచి బతుకమ్మ. సాయంత్రం ఊళ్లోంచి పాటలు వినిపించాయి. దాన్ని పంపలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని వింది. పోరాడి అడుగుతుందనుకున్నాను. అడగలేదు.

అక్టోబరు 16

అత్తయ్యగారు అన్నారు, "రాజ్యం, పిల్ల బుగ్గలు పీక్కుపోయాయి. లంగా బొందు చూశావా, ఎక్కడికి బిగించి కడుతోందో."

"దొంగతిళ్లు తింటే పీక్కుపోరూ" అన్నాను.

"నా కళ్ల ముందే ఉంటోందే పొద్దస్తమానం. ఎప్పుడు తింటోంది?"

నాకు కోపం వచ్చింది. ఈ ఇంట్లో అందరూ నా తప్పే వెతుకుతారు. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్దామంటే మా ఆయనకి దసరా లోపు సెలవు లేదట. పరవాలేదు, ఇంకో నాలుగు రోజులు చూద్దాం. పండు ఒంట్లోంచి పోవడానికి టైము పడుతుంది.

అక్టోబరు 17

పండు ఒంట్లో వారం రోజులు ఉండదు. నాకు తెలుసు.

అక్టోబరు 18

(పెద్దాసుపత్రి వరండా. పెన్సిలు నర్సుది.)

పొద్దున వాంతులు. తర్వాత మాట ముద్దగా వచ్చింది. ఊపిరి పరిగెత్తినట్టు తీస్తోంది, నోటి నుంచి మాగిన పండు వాసన. దొరికావే అనుకున్నాను. భగవంతుడా, ఆ క్షణంలో కూడా అదే అనుకున్నాను. వాసన చూసి, నోరు తెరిచి, నాలుక మీద గింజ కోసం వెతికాను.

ఆయన సబ్‌స్టేషన్ జీపు తెచ్చారు. మెహదీపట్నం మీదుగా ఆసుపత్రి దాకా అది నా ఒళ్లో వేడిగా, బరువు లేకుండా ఉంది. అత్తయ్యగారు వెనక కూర్చుని దాని పాదాలు రాస్తూనే ఉన్నారు. మడి, మైల, ఏమీ లేవు.

సూదిమందు సీసా తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. డాక్టరు గారు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ ఒంచారు. నలకలు గాజుని వదల్లేదు.

"ఎక్కడ పెట్టారమ్మా దీన్ని?"

"ఫ్రిజ్‌లోనండి."

"ఫ్రిజ్‌లో ఎక్కడ?"

"ఐసు సొరుగులో."

డాక్టరు గారు సీసా బల్ల మీద పెట్టి కళ్లజోడు తీశారు. "చల్లగా ఉంచమన్నాను కానీ గడ్డకట్టించమనలేదు. గడ్డకడితే ఇది విరిగిపోతుంది. తర్వాత కరిగినా పనిచేయదు. ఇన్నాళ్లూ మీరు పిల్లకి మందు వేసి కూడా వేయనట్టే."

"పండు తిందండీ" అన్నాను. ఇంకా అన్నాను ఆ మాట. "సీతాఫలం."

"ఆ నోటి వాసనకి అనుకున్నారా? మందు అందకపోతే వచ్చే వాసన అది. పండు కాదు."

నేను పాలు తోడుపెట్టే మనిషిని. విరిగిన పాలు ఎలా ఉంటాయో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ నలకలు రోజూ చూశాను. రోజూ చూసి రోజూ పొడిచాను.

అక్టోబరు 19

ఇంకా కళ్లు తెరవలేదు. సెలైన్ ఎక్కుతోంది.

అక్టోబరు 20

తెరిచింది. నీళ్లడిగింది. నన్ను కాదు, వాళ్ల మామ్మని అడిగింది.

అక్టోబరు 21

ఆసుపత్రి వాళ్ల మందు, మామూలు మోతాదే. పసుపు. సాయంత్రం ఆకుపచ్చ.

అత్తయ్యగారు వరండాలో నా పక్కన వచ్చి కూర్చున్నారు. "సొరుగులో పెట్టమన్నది నేను" అన్నారు.

"పెట్టింది నేను" అన్నాను.

"నా నోరు పడిపోతే బాగుండేది."

లేదండీ అనాలి. ఆవిడ వయసుకైనా అనాలి. అనలేకపోయాను. సొరుగు సంగతి ఇద్దరిదీ, కానీ దెబ్బలు నావి. అందులో ఎవరికీ భాగం లేదు. ఆవిడ చెయ్యి మాత్రం పట్టుకున్నాను.

అక్టోబరు 25

ఇంటికొచ్చాం. నేను త్రిపురని పడుకోబెట్టి వచ్చేసరికి అత్తయ్యగారు స్నానం చేసి, మడి చీర కట్టుకుని, ఫ్రిజ్ ముందు కూర్చుని ఉన్నారు. నిన్న ముందుగా వచ్చి తోడుపెట్టి వెళ్లిన పెరుగు గిన్నె ఒక పక్కకి జరిపారు. కొత్త సీసా అడిగి తీసుకుని, తన చేత్తోనే పెరుగు పక్కన పెట్టారు. ఆయన్ని పిలిచి మీట నడుమకి తిప్పమన్నారు. ఆయన తిప్పారు.

తర్వాత ఆ పెరుగే గిన్నెతో తీసి దేవుడికి నైవేద్యం పెట్టారు.

నేను చంద్రమ్మ ఇంటికి వెళ్లాను. పాలు పోయమన్నాను. ఈసారి జబ్బు పేరుతో సహా అంతా చెప్పాను. ఆమె గేదెకి గడ్డి వేస్తూనే వింది.

"చక్కెర బీమారి అని ముందుగాల జెప్తే నేనే కాపలా ఉంటుంటి గదమ్మా. పిల్ల ఎట్లున్నది?"

"బాగానే ఉంది."

"నిన్ను మాట్లాడిస్తున్నదా?"

"ఆఁ" అన్నాను. అబద్ధం.

అక్టోబరు 26

సూది వేశాక అడిగాను. చాలా ధైర్యం చేసి అడిగాను.

"తినకుండానే తిన్నానని ఎందుకు చెప్పావే?"

ఆలోచించింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది.

"తినలేదంటే నువ్వు కొడుతున్నావు. తిన్నానంటే ఆపేశావు. దగ్గరికి తీసుకున్నావు కూడా."

"నన్ను క్షమించమ్మా, నాదే తప్పు" అన్నాను. కన్నకూతురి దగ్గర ఈ మాట అనాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. "సరేలే" అని జడ వేయించుకోవడానికి వాళ్ల మామ్మ దగ్గరికి వెళ్లింది.

అక్టోబరు 29

లింగమూర్తి ఇటు పోతూ ఆగాడు. కాగితం పెట్టి లాగి చూశాడు, రాలేదు. వెనక చెయ్యి పెట్టి గాలి చూశాడు. మీట నడుమనే ఉందని సంతోషించాడు. "ఇగ దీనికి పదేండ్లు ఢోకా లేదమ్మా" అన్నాడు. మజ్జిగ ఇచ్చాను.

సాయంత్రం పరీక్ష. స్పిరిట్ దీపం వెలిగించి, గొట్టం మంట మీద పట్టుకున్నాను. త్రిపుర వచ్చి గట్టు పక్కన నిలబడింది. మందు ఇంకా పొంగలేదు, రంగు తేలడానికి ఇంకా టైముంది.

"నేనేమీ తినలేదమ్మా" అంది.

"నాకు తెలుసు" అన్నాను.

మరిగింది. నీలంగానే ఉంది, పొద్దుటి ఆకాశంలా ఉంది. చూడు, చూడవే అని దాని ముందుకి తెచ్చాను. అది గొట్టం వైపు చూడలేదు. నా ఇంకో చేతి వైపు చూస్తోంది.